మోడల్ జెట్‌కి సీజీ కుదర్చడం: బల్ల మీద నుంచి రన్‌వే దాకా

రిమోట్‌తో ఎగరేసే నా మొదటి ఫోమ్ జెట్ గాల్లో ఉన్నది పది సెకన్లు కూడా కాదు. నేల విడవగానే ముక్కు పైకెత్తింది. స్టిక్ ముందుకు తోశాను, దించింది. వెంటనే అంతకంటే ఎక్కువ ఎత్తింది. మూడోసారి ఎత్తినప్పుడు వేగం మొత్తం పోయి, ఒక రెక్క మీద ఒరిగి, ఎండిపోయిన చెరువు నేలలో ముక్కు గుచ్చుకుంది. ఇంటికి తెచ్చి ముక్కలు బల్ల మీద పరిచి కొలిస్తే తప్పు దొరికింది. సీజీ, అంటే విమానం బరువంతా తూగే బిందువు, 114 మి.మీ. దగ్గర ఉండాలి. నేను 114 మి.మీ. కొలిచిన మాట నిజమే. కాకపోతే రెక్క బాడీని కలిసే చోట ముందంచు నుంచి వెనక్కి కొలవాల్సింది, వేళ్లు పెట్టడానికి వీలుగా ఉందని అక్కడికి జానెడు లోపు అవతల, 100 మి.మీ. దూరంలో కొలిచాను. జెట్ రెక్క వెనక్కి వాలి ఉంటుంది. ఆ 100 మి.మీ.లో రెక్క ముందంచు 32 మి.మీ. వెనక్కి పోయింది. దాంతో సీజీ కూడా 32 మి.మీ. వెనక్కి పోయింది.

అందుకే ఈ పని మొత్తం వరసగా రాస్తున్నాను. ఉదాహరణకి నా దగ్గరున్న హాక్ మోడల్ తీసుకుంటాను. మన వాయుసేన సూర్యకిరణ్ జట్టు ఎగరేసే హాక్ శిక్షణ విమానానికి ఫోమ్ రూపం ఇది. 70 మి.మీ. ఈడీఎఫ్, అంటే గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్. 6ఎస్ (ఆరు సెల్‌లు వరసగా కలిపిన) లైపో బ్యాటరీ, అన్నీ కలిపి 1800 గ్రాములు. రెక్క కింద ఉంటుంది, వెనక మామూలు తోక ఉంటుంది. మీ జెట్ వేరేదైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీవి వేసుకోండి.

ముందు సర్వోలు, తర్వాతే స్క్రూలు

తోక, రెక్కలు అతికించేటప్పుడు తొందరపడకండి. వెనక నిలబడి ఒక కన్ను మూసి చూస్తే రెండు రెక్కల వెనకంచులూ ఒకే తీరుగా కనిపించాలి. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన ఫోమ్ రెక్క మెలి తిరుగుతుంది. ఆ మెలిక ఉంటే విమానం ఎప్పుడూ ఒక పక్కకి ఒరుగుతూనే ఉంటుంది, ట్రిమ్‌తో (రేడియోలో చేసే చిన్న సవరింపుతో) అది పోదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, మెల్లగా ఎదురు తిప్పి, చల్లారేదాకా పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

సర్వో (రెక్క, తోక పలకలని కదిలించే చిన్న మోటార్) ఆర్మ్‌లు బిగించే ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, ట్రిమ్‌లన్నీ సున్నాకి తెచ్చి, సర్వోలకి కరెంటు ఇవ్వండి. ముందు జాగ్రత్తగా ఫ్యాన్ మోటార్ వైరు ఒకటి ఊడదీసి ఉంచండి. సర్వో మధ్యకి వచ్చాక ఆర్మ్‌ని పుష్ రాడ్‌కి (ఆర్మ్ కదలికని పలకకి చేర్చే కడ్డీకి) తొంభై డిగ్రీల్లో పెట్టి స్క్రూ వేయండి. సర్వో ఇరుసు పళ్ల మీద సరిగ్గా కూర్చోకపోతే ఆ చిన్న తేడా రేడియోలోని సబ్ ట్రిమ్‌తో సరిచేయండి. ఆ తర్వాత క్లివిస్ (పుష్ రాడ్ కొసకి ఉండే కొక్కెం) తిప్పి ఐలరాన్ (రెక్క పలక), ఎలివేటర్ (తోక అడ్డ పలక), రడ్డర్ (తోక నిలువు పలక) మూడూ తటస్థంగా నిలిచేలా చూడండి. క్లివిస్ మీదకి చిన్న సిలికాన్ ట్యూబ్ ముక్క ఎక్కించండి. జెట్ వేగంలో ఎలివేటర్ క్లివిస్ ఊడితే చేయగలిగింది ఏమీ లేదు.

సీజీ ఎక్కడ ఉండాలో లెక్క కట్టడం

మాన్యువల్‌లో ఉన్న అంకెని నమ్మండి, కానీ ఒకసారి మీరే కట్టి చూసుకోండి. రెండూ దగ్గరగా వస్తే ధైర్యం, రాకపోతే ఎగరేయకముందే అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానమే విమానాన్ని కాపాడుతుంది.

కావాల్సిన కొలతలు మూడే. రెక్క బాడీని కలిసే చోట వెడల్పు, అంటే ముందంచు నుంచి వెనకంచు దాకా: నా హాక్‌కి 300 మి.మీ. రెక్క చివర వెడల్పు: 100. రెక్క చివర ముందంచు, బాడీ దగ్గరి ముందంచు కంటే ఎంత వెనక్కి ఉంది: 144. చివర వెడల్పుని మొదటి వెడల్పుతో భాగిస్తే వచ్చేది నిష్పత్తి, ఇక్కడ మూడో వంతు. ఈ నిష్పత్తిని 'ని' అనుకుందాం.

సగటు వెడల్పు రావాలంటే మొదటి వెడల్పులో మూడింట రెండు వంతులు తీసుకుని, దాన్ని (1 + ని + ని × ని)తో గుణించి, (1 + ని)తో భాగించాలి. నాకు 200 × 1.444 ÷ 1.333, అంటే దాదాపు 217 మి.మీ. ఆ సగటు వెడల్పు ముందంచు రెక్క మొదలు కంటే ఎంత వెనక పడుతుందో తెలియాలంటే 144ని (1 + 2 × ని)తో గుణించి 3 × (1 + ని)తో భాగించాలి. నాకు సరిగ్గా 60 వచ్చింది.

మామూలు తోక ఉన్న జెట్‌కి మొదటి ఎగురుడు ఈ సగటు వెడల్పులో 25 శాతం దగ్గర పెట్టుకుంటే నిశ్చింత. 217లో 25 శాతం 54. దానికి 60 కలిపితే 114. రెక్క బాడీని కలిసే చోట ముందంచు నుంచి వెనక్కి 114 మి.మీ. అని అర్థం. నేను పడగొట్టిన రోజు సీజీ 146 దగ్గర ఉంది, అంటే 40 శాతం. ముక్కు అలా ఎగిరెగిరి పడటానికి కారణం అది.

లెక్కలు నచ్చనివారికి గీతల పద్ధతి ఉంది. రెక్కని పాత పేపరు మీద పెట్టి చుట్టూ గీయండి. రెక్క మొదటి గీతని ముందుకి, చివర వెడల్పు ఎంతో అంత పొడిగించండి. చివరి గీతని వెనక్కి, మొదటి వెడల్పు ఎంతో అంత పొడిగించండి. ఈ రెండు కొసలనీ ఒక ఏటవాలు గీతతో కలపండి. రెక్క మొదటి మధ్యబిందువు నుంచి చివరి మధ్యబిందువుకి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ కోసుకున్న చోట ఉన్న వెడల్పే సగటు వెడల్పు. స్కేలుతో కొలిచి 25 శాతం గుర్తు పెట్టి, అక్కడి నుంచి బాడీ వైపు అడ్డంగా తిన్నగా గీత లాగితే సీజీ చోటు దొరుకుతుంది.

తేజస్ లాంటి డెల్టా (త్రికోణపు) రెక్క మోడల్ చేసేవారు ఇక్కడ ఆగి చదవండి. అసలు తేజస్‌ని కావాలనే నిలకడ తగ్గించి తయారు చేశారు. లోపలి కంప్యూటర్లు అనుక్షణం దిద్దుతుంటేనే అది తిన్నగా ఎగురుతుంది. అసలు విమానం సీజీ చూసి మోడల్‌కి పెట్టకూడదు. తోక లేని డెల్టాకి సగటు వెడల్పులో 25 శాతం దగ్గరికి వస్తేనే నిలకడ అయిపోతుంది. 15 నుంచి 20 శాతం మధ్య మొదలుపెట్టి, ఎలివాన్‌లని (ఎలివేటర్, ఐలరాన్ రెండు పనులూ చేసే పలకలని) ఒకటి రెండు మి.మీ. పైకి లేపి ఉంచండి.

వేళ్ల మీద తూకం

కావడి మోసేవాళ్లని చూసే ఉంటారు. ఒక కుండలో నీళ్లు ఎక్కువైతే ఇంకో కుండలో పోయరు, భుజం మీద బద్దని కాస్త జరుపుకుంటారు. మనకి భుజం జరిపే వీలు లేదు, అది 114 దగ్గర ఖాయం. జరపాల్సింది కుండని. మన కుండ బ్యాటరీ.

విమానాన్ని ఎగరేసే రూపంలోనే తూచాలి. బ్యాటరీ లోపల, వెల్క్రో పట్టీ బిగించి, మూత వేసి, మిస్సైళ్లు, డ్రాప్ ట్యాంకులు తగిలిస్తే వాటితో సహా. చక్రాలు కిందికి దించి ఉంచండి. ముందు కాలు ముందుకి ముడుచుకునే జెట్‌లో చక్రాలు లోపలికి పోగానే సీజీ కొన్ని మి.మీ. ముందుకి కదులుతుంది, దాంతో ఇబ్బంది లేదు. వెనక్కి ముడుచుకునేదైతే మాత్రం చక్రాలు ముడిచి కూడా ఒకసారి తూచండి. రెండింట్లో ఏది ఎక్కువ వెనక ఉంటే దానికి కుదర్చాలి.

కింద రెక్క ఉన్న జెట్‌ని వెల్లకిలా తిప్పి తూచండి. మామూలుగా పట్టుకుంటే బరువంతా వేళ్ల పైన ఉండి అటో ఇటో బోర్లా పడిపోతుంది, ఏదీ తేలదు. తిప్పితే బరువు వేళ్ల కింద వేలాడుతుంది, తక్కెడలా నెమ్మదిగా నిలుస్తుంది. తిప్పాక కింద గుర్తు కనపడదు కదా, దానికి ఒక చిన్న ఉపాయం. రెక్క పైభాగంలో 114 గుర్తు దగ్గర, బాడీని ఆనుకుని, ఒక బియ్యపు గింజ పెట్టి దాని మీద మాస్కింగ్ టేపు వేయండి. రెండు వైపులా. చూపుడువేలి కొసకి ఆ గింజ తగులుతుంది. కళ్లతో వెతకక్కర్లేదు. ఒక మి.మీ. తేడా లేకుండా ప్రతిసారీ అదే చోట పట్టుకుంటారు.

ఫ్యాన్ ఆపేసి, కిటికీ మూసి, రెండు వేళ్ల మీద లేపండి. ముక్కు కొద్దిగా కిందికి వాలి నిలిస్తే మొదటి రోజుకి అదే కావాలి. తోక వాలితే మళ్లీ బల్ల మీదకి.

ఇప్పుడు ఎంత జరపాలో అందాజుగా కాకుండా లెక్కగా జరుపుదాం. వేళ్లని వెనక్కి జరుపుతూ అసలు ఎక్కడ తూగుతుందో కనుక్కోండి. 124 దగ్గర తూగింది అనుకుందాం, 10 మి.మీ. వెనక. మొత్తం బరువు 1800 × 10 = 18000. బ్యాటరీ 600 గ్రాములైతే 18000 ÷ 600, అంటే 30 మి.మీ. బ్యాటరీని ముందుకి జరిపితే సరిపోతుంది. అంత చోటు లేకపోతే ముక్కులో బరువు వేయాలి. ముక్కు కొస 114 గుర్తు నుంచి 450 మి.మీ. ముందుందనుకుంటే 18000 ÷ 450, అంటే 40 గ్రాములు. అదే బరువుని కాక్‌పిట్ దగ్గర 225 మి.మీ.లో వేస్తే 80 గ్రాములు కావాలి. అందుకే బరువు వేయక తప్పనప్పుడు ముక్కు చివరికంటా వేయండి.

టైర్ల షాపులో అలాయ్ వీల్‌కి అతికించే 5, 10 గ్రాముల ముక్కలు దొరుకుతాయి. పట్టీగా ఇస్తారు, విరిచి వాడుకోవచ్చు. వాటి జిగురు ఒక్కదాన్నే నమ్మకండి, ఫోమ్‌కి పట్టే జిగురు వేసి పైన టేపు వేయండి. గాల్లో 40 గ్రాములు ఊడి వెనక్కి దొర్లితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బ్యాటరీ కూడా అంతే. కింద వెల్క్రో, పైన రెండు పట్టీలు. విమానాన్ని నిలువుగా లేపి గట్టిగా కుదిపినా కదలకూడదు.

టర్బైన్ జెట్ ఉన్నవారికి ఒక మాట. ఒక లీటరు కిరోసిన్ దాదాపు 800 గ్రాములు, ఎగురుతున్నంతసేపూ అది తగ్గుతూ పోతుంది. పెద్ద ట్యాంకు ఖాళీగా, ఇంజన్‌కి ముందున్న చిన్న ట్యాంకు నిండుగా పెట్టి తూచండి. దిగేటప్పుడు ఉండే రూపం అదే. తర్వాత పెద్ద ట్యాంకు నింపి మళ్లీ చూడండి. నిండినప్పుడు సీజీ వెనక్కి వస్తుంటే ట్యాంకు చోటే మార్చాలి.

పక్క తూకం చాలామంది వదిలేస్తారు. ముక్కు కింద ఒక వేలు, ఫ్యాన్ గొట్టం చివర ఇంకొక వేలు, ఇద్దరు పట్టుకుంటే ఇంకా మంచిది. ఎప్పుడూ ఒకే రెక్క వాలుతుంటే రెండో రెక్క చివర కొద్దిగా బరువు.

చక్రాల చోటు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ముందు ప్రొపెల్లర్ ఉన్న విమానంలో ఫ్యాన్ గాలి తోక మీదుగా పోతుంది, థ్రాటిల్ ఇవ్వగానే ఎలివేటర్ పనిచేస్తుంది. జెట్‌లో ఆ గాలి గొట్టంలోంచి వెనక్కి పోతుంది, తోకకి ఏమీ అందదు. వేగం వచ్చేదాకా ఎలివేటర్ ఉన్నా లేనట్టే.

అందుకని వెనక చక్రాలు సీజీకి కొద్దిగా వెనక ఉండాలి. ఎడ్లబండి ఎక్కినవాళ్లకి తెలుసు, బరువు ఇరుసుకి వెనక పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడ పట్టేస్తుంది, మరీ ముందు పడితే ఎడ్ల మెడ వంగిపోతుంది. ఇక్కడా అంతే. చక్రాలు సీజీకి ముందుంటే విమానం నిలబెట్టగానే తోక మీద కూర్చుంటుంది. మరీ వెనక ఉంటే ఎంత స్టిక్ లాగినా ముక్కు లేవదు, రన్‌వే అయిపోతుంది, చివరికి గతుకు మీద ఒక్కసారిగా లేచి స్టాల్ అవుతుంది, అంటే రెక్కకి లేపే బలం పోయి పడిపోతుంది. నిలబెట్టిన విమానం తోకని ఒక వేలితో నొక్కి చూడండి. తేలిగ్గా ముక్కు లేవాలి, వదిలితే తిరిగి ముందు చక్రం మీదకి రావాలి. ముందు కాలు కొంచెం పొడవు చేసి రెక్కకి ఒకటి రెండు డిగ్రీల ఎత్తు ఇస్తే ముక్కు లేపే పని ఇంకా సులువవుతుంది.

స్టిక్ ఎంత కదిలితే పలక ఎంత కదలాలి

మాన్యువల్‌లో ఇచ్చిన కదలికలే పెట్టుకోండి, స్కేలుతో వెనకంచు దగ్గర కొలవండి. నా హాక్‌కి తక్కువ రేటులో ఎలివేటర్ 10 మి.మీ., ఎక్కువ రేటులో 15. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలికని మెత్తబరిచే సెట్టింగ్) 30 శాతం దగ్గర మొదలుపెట్టాను. ఒక జాగ్రత్త: స్టిక్ మధ్యలో మెత్తబడాలంటే ఫ్యుటాబా రేడియోలో ఎక్స్‌పో మైనస్ పెట్టాలి, స్పెక్ట్రమ్‌లో ప్లస్. వేరే బ్రాండ్ చేతికొస్తే గ్రాఫ్ చూసి పెట్టండి.

దిశ చూసేటప్పుడు విమానం వెనక నిలబడండి. ఐలరాన్ స్టిక్ మీద బొటనవేలు నిటారుగా పెట్టి కుడికి వంచండి, వేలు ఏ పక్కకి వాలితే ఆ పక్క ఐలరాన్ లేవాలి. స్టిక్ వెనక్కి లాగితే ఎలివేటర్ లేవాలి. గైరో (విమానం ఒరిగితే తనంతట తానే దిద్దే పరికరం) ఉంటే చేత్తో ముక్కు పైకి లేపండి, ఎలివేటర్ కిందికి దిగాలి. కుడి రెక్క కిందికి వంచితే కుడి ఐలరాన్ కూడా కిందికి దిగాలి. గైరో తిరగబడి ఉంటే నేల విడిచిన మరుక్షణం విమానం పోతుంది. ఇంకొకటి: గైరో ఉందని సీజీని అశ్రద్ధ చేయకండి. తోక బరువుని అది కొంతసేపు కప్పిపెడుతుంది, వేగం తగ్గినప్పుడు బయటపడుతుంది.

కరెంటు, రేడియో

6ఎస్ నిండా ఎక్కితే 25.2 వోల్టులు. వాట్ మీటర్ మధ్యలో పెట్టి, విమానాన్ని ఒకరు వెనక నుంచి గట్టిగా పట్టుకుంటే, ఫుల్ థ్రాటిల్ ఐదు సెకన్లు మాత్రం ఇవ్వండి. నాది 80 ఆంపియర్ల దగ్గర చూపిస్తుంది, ఈఎస్‌సీ (మోటార్‌కి ఎంత కరెంటు ఇవ్వాలో అదుపు చేసే పరికరం) 100 ఆంపియర్లది. ఆ మాత్రం తేడా ఉండాలి. ఈడీఎఫ్ లోపలికి లాక్కుంటుంది, మెడలో తాడు, చొక్కా కొస, నేల మీద చిన్న రాళ్లు, అన్నీ. గాలి లోపలికి పోయే మూతులకి ఎదురుగా ఏమీ ఉండకుండా చూసుకోండి.

టైమర్ ఇలా కట్టండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో 80 శాతమే వాడుకోవాలి, అంటే 4000. సగటున 60 ఆంపియర్లు తీసుకుంటే అది నాలుగు నిమిషాలు. మొదటి రోజు టైమర్ మూడు నిమిషాలకి పెట్టండి. దిగడం కుదరక ఇంకో చుట్టు తిరగడానికి ఆ నిమిషం కావాలి.

ఎండలు ముదిరాక ఈ లెక్క ఇంకా బిగుస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి, సముద్రతీరంలో 15 డిగ్రీల గాలి కంటే 13, 14 శాతం పలచన. ఫ్యాన్ తోసే గాలీ తగ్గుతుంది, రెక్క లేపే గాలీ తగ్గుతుంది. పొద్దున్నే ఎగరేయండి.

రేడియోలో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఫ్యాన్ ఆపే ఏర్పాటు) పెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి, ఫ్యాన్ ఆగాలి. రిసీవర్ యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి అడ్డంగా, బ్యాటరీకి, కార్బన్ ముక్కలకి దూరంగా ఉండాలి. రేంజ్ చెక్ (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం) చక్రాలు దించి ఒకసారి, ఫ్యాన్ తిప్పుతూ ఇంకోసారి.

మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ మోడల్ విమానాలకీ వర్తిస్తాయి. ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ రంగులో ఉందో చూసుకోండి. విమానాశ్రయాలకి దూరంగా ఉన్న గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, కంటికి కనిపించే దూరంలోనే.

మొదటి ఎగురుడు

గాలికి ఎదురుగా నిలబెట్టి, థ్రాటిల్ మెల్లగా నింపండి. వేగం వచ్చాక స్టిక్ కొద్దిగా లాగి ఆగండి, లేచే వరకు ఓపిక పట్టండి. లేచాక నిటారుగా ఎక్కించకండి. రెండు చుట్లు సగం పైన థ్రాటిల్‌లో తిన్నగా పోయేలా ట్రిమ్ చేయండి.

రెండో మూడో ఎగురుడులో సీజీని గాల్లో పరీక్షించండి. మంచి ఎత్తులో 45 డిగ్రీల కోణంలో పైకి ఎక్కిస్తూ సగం దొర్లించి వెల్లకిలా చేసి, ఎలివేటర్ వదిలేయండి. ముక్కు తొందరగా నేల వైపు వాలితే ముక్కు బరువు ఎక్కువ. నెమ్మదిగా కిందికి వంగితే బాగుంది. వంగకుండా అలాగే పోయినా, ఆకాశం వైపు లేచినా తోక బరువు, వెంటనే దించేయండి. బ్యాటరీ జరిపేటప్పుడు ఒకసారికి 5 మి.మీ. మించి జరపకండి.

దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూయకండి. ఈడీఎఫ్ మళ్లీ వేగం పుంజుకోవడానికి క్షణం పడుతుంది, టర్బైన్‌కి ఇంకా ఎక్కువ. తక్కువ ఎత్తులో ఆ క్షణం ఉండదు. కొంత థ్రాటిల్ పట్టుకుని వచ్చి, చక్రాలు తగలబోయే ముందు మూయండి.

దిగాక బ్యాటరీ తీసే ముందు, అది ఉన్న చోట ముందు కొస దగ్గర లోపలి ఫోమ్ మీద పర్మనెంట్ మార్కర్‌తో అడ్డంగా గీత గీసి, పక్కనే బ్యాటరీ బరువు, ఆ రోజు సీజీ ఎక్కడ తూగిందో ఆ అంకె రాయండి. నా హాక్ లోపల ఇప్పుడు మూడు గీతలున్నాయి. మూడోది 118.